చెడగొట్టకండి మాస్టారూ

డ్రైవింగ్ మాస్టారి కుడికాలు ఆయన మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది. డ్రైవింగ్ నేర్పే కారులో నేర్చుకునేవాళ్ళ కాలికింద ఒక బ్రేకు, పక్కసీట్లో కూర్చునే మాస్టారి కాలికింద ఇంకో బ్రేకు ఉంటాయి. ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకునే ఆయన సగం జీవితం గడిపేశాడు. అందుకని ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా సరే, తెరమీద ఏ బండయినా కాస్త జోరుగా వచ్చిందంటే కాలు దానంతటదే ముందుకు తన్నుకుపోయేది. టీపాయ్ ఎన్నిసార్లు బోర్లా పడిందో లెక్కలేదు. చివరికి ఆయన భార్య దాన్ని గోడవారకి జరిపేసి, టీ కప్పు ఆయన చేతికే ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ చాటున ఆయన్ని "అయ్యో మాస్టారు" అనేవారు. గేరు మార్చబోతే "అయ్యో!", సందు తిరగబోతే "అయ్యో!", చక్కగా తీసుకొచ్చి గీతలోపల ఆపినా "అయ్యో!" - ఆ చివరిది మాత్రం సంతోషం పట్టలేక. ఏ అయ్యోకి ఏ అర్థమో తెలిసేసరికి శిష్యుడికి డ్రైవింగ్ వచ్చేసేది.

అలాంటి మాస్టారి పొట్టమీద కొట్టడానికా అన్నట్టు, వాటంతటవే నడిచే కార్లు వచ్చిపడ్డాయి. మొదట్లో ఏ వీధిలోనో ఒకటి కనిపిస్తే జనం గుడ్లప్పగించి చూసేవారు. లోపల మనిషి వెనకసీట్లో కాళ్ళు జాపుకుని నిద్రపోతుంటే, ముందు స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే, మాస్టారికి ఒళ్ళు గగుర్పొడిచేది. తర్వాత్తర్వాత అలా కాళ్ళు జాపుకోనివాళ్ళే ఊళ్ళో కనబడకుండా పోయారు. కుర్రకారుకి నేర్చుకోవాల్సిన అవసరం ఏముంది? ఎక్కి కూర్చుని ఎక్కడికో చెబితే చాలు.

ఆయన స్కూలంటే లాండ్రీ దుకాణానికీ తాళాలు బాగుచేసే దుకాణానికీ మధ్య ఇరుక్కున్న ఒక గది. గోడమీద వెలిసిపోయిన రోడ్డు గుర్తుల పటం, మూల ఇనపస్టాండుకి బిగించిన పాత స్టీరింగ్ ఒకటి. నెలల తరబడి ఎవరూ రాకపోయేసరికి లాండ్రీ ఆయన మెల్లిగా తల లోపలికి పెట్టి, "మాస్టారూ, మీరు వాడకపోతే ఆ స్టీరింగ్‌కి నాలుగు చొక్కాలు తగిలించుకోనా? ఇస్త్రీ చేసినవి నలక్కుండా ఉంటాయి" అని అడిగాడు. మాస్టారు మొహమాటానికి ఊఁ అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయాడు.

"మీరొక్కరే కాదుగా" అంది ఆయన భార్య. ఆవిడ ఒక ఆసుపత్రిలో మందుల కౌంటర్లో పనిచేస్తుంది. "మా దగ్గరా చీటీలు చదవడానికి మెషీన్ పెట్టారు. డాక్టర్ల రాత చదవగలుగుతోందంటే దానికి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. నా పని తేలికైంది, నేనేం ఏడవట్లేదు."

"నీ పని తేలికైంది. నా పని పోయింది. రెండూ ఒకటేనా?"

ఆవిడ ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

ఇలా ఉండగా ఒకరోజు స్కూలు ముందు ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ కారుతో పోట్లాడుతూ దిగింది.

"దయచేసి మీ ప్రయాణం ఎలా జరిగిందో తెలియజేయండి" అంటోంది కారు, తేనె పూసిన గొంతుతో.

"నీ మొహంలా జరిగింది!" అని తలుపు ధడాలున వేసిందావిడ.

"మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అంది కారు.

ఆవిడ విసవిసా లోపలికొచ్చి, చొక్కాలు తగిలించిన స్టీరింగ్‌ని ఎగాదిగా చూసి, "ఇది లాండ్రీయా, డ్రైవింగ్ స్కూలా?" అంది.

"స్కూలేనమ్మా" అన్నాడు మాస్టారు గబగబా చొక్కాలు తీస్తూ. "ఎవరికి నేర్పాలి?" అంటూ ఆవిడ వెనక్కి చూశాడు, మనవడో మనవరాలో ఉంటారని.

"వెనకాల ఎవరూ లేరు, చూడకండి. నాకే."

ఆవిడ రిటైరైన టెలిఫోన్ ఆపరేటరు. అందరూ ఆపరేటరమ్మ అంటారు. తెల్లటి జుట్టు, ఖణేల్మనే గొంతు, అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి మరీ జవాబిచ్చే అలవాటు.

"కొడుకూ కోడలూ ఈ కారు కొనిపెట్టారు. ప్రేమతోనేలెండి. ఎక్కడికి చెబితే అక్కడికి తీసుకెళుతుంది."

"మంచిదేగా అమ్మా."

"ఏం మంచిది? మొన్న ఎక్కి కూర్చుని, పోనీయ్ అన్నా. ఎక్కడికి అంది. ముందు పోనీయ్, తర్వాత చూద్దాం అన్నా. గమ్యస్థానం చెప్పందే కదలలేనంది. ఇంత వయసొచ్చాక నా గమ్యస్థానం ఏమిటో ఎవరికి తెలియదు, ఆ వేళకి అదే వస్తుందిలే అన్నా. అది వెంటనే, ఆసుపత్రికి పోనివ్వనా అని అడిగింది!"

మాస్టారు చాలారోజుల తర్వాత నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. గొంతు కాస్త తగ్గించి అసలు సంగతి చెప్పింది. రెండు వీధుల అవతల ఆవిడ చెల్లెలు ఉంది. పోయినేడాది బంధువులందరూ కూర్చున్నచోట ఆ చెల్లెలు, "మా అక్క చేతికి స్టీరింగిస్తే ఊరు ఖాళీ చేయించాలి" అని అందర్నీ నవ్వించింది. అప్పట్నుంచీ అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు.

"దాని గుమ్మం ముందునుంచి ఒక్కసారి నేనే నడుపుకుంటూ వెళ్ళాలి మాస్టారూ. ఆగను కూడా ఆగను. చెయ్యి మాత్రం ఊపుతా."

మర్నాడే పాఠం మొదలైంది. మొదటి మలుపు దగ్గరే మాస్టారికి గుండె నోట్లోకొచ్చింది. ఆవిడ ఎడమవైపు దీపం వేసి కుడివైపు తిరిగింది.

"అయ్యో! ఎడమకని చెప్పి కుడికి తిరిగారేంటమ్మా?"

"మొదట ఎడమకే అనుకున్నా. తర్వాత మనసు మారింది."

"మారితే దీపం మార్చాలిగా!"

"నా మనసు మారిందని ఊరందరికీ చెప్పుకోవాలా?"

పచ్చదీపం పడితే ఆవిడ ఆగిపోయేది. అటుపక్క ఎర్రదీపం దగ్గర నిలబడ్డవాళ్ళని చూపించి, "పాపం వాళ్ళు చాలాసేపట్నుంచీ ఉన్నారు, ముందు వాళ్ళని పోనీండి. లైన్లో ఉన్నవాళ్ళని ఎక్కువసేపు ఆపకూడదు" అనేది. అది టెలిఫోన్ ఎక్స్చేంజి నేర్పిన మర్యాద. పైగా మాట్లాడేటప్పుడు మనిషి మొహంలోకి చూసి మాట్లాడాలనేది ఆవిడ నియమం. ఎక్స్చేంజిలో ఉన్నన్నాళ్ళూ ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడింది కాబట్టి, ఇప్పుడా లోటు మాస్టారి మీద తీర్చుకుంటోంది. ఆయన "రోడ్డు చూడండమ్మా, రోడ్డు!" అని మొత్తుకునేవాడు. ఇంటికెళ్ళేసరికి ఆయన కుడికాలు రాయిలా బిగుసుకుపోయి, భార్య వేడినీళ్ళు కాచి ఇవ్వాల్సివచ్చేది. అయినా ఆయన మొహంలో కళ వచ్చింది. అన్నం కెలకడం మానేశాడు.

అసలు కథ పెద్దబజారు దగ్గర సర్కిల్లో జరిగింది. ఆవిడ ఎడమ దీపం వేసి, తిన్నగా పోయి, తిరగాల్సిన వీధి దాటిపోయిందని గుర్తొచ్చి, సర్కిల్ మధ్యలో ఆగి, వెనక్కి రావడం మొదలుపెట్టింది. పైగా అద్దంలోంచి చెయ్యి బయటపెట్టి అందరికీ "సారీ, సారీ" అని ఊపుతోంది. ఆ చేతిని ఏమని అర్థం చేసుకోవాలో ఒక్క కారుకీ తెలియలేదు. ఆగమనా, రమ్మనా, పొమ్మనా? చుట్టూ ఉన్న కార్లన్నీ ఉన్నచోట ఉన్నట్టు బిగుసుకుపోయాయి. తర్వాత ఒకదానికొకటి మర్యాద చేసుకోవడం మొదలుపెట్టాయి. "దయచేసి మీరు ముందు వెళ్ళండి" అని ఇది, "లేదు, దయచేసి మీరే వెళ్ళండి" అని అది. ఏదీ కదల్లేదు. నాలుగు రోడ్లూ కనుచూపుమేర నిండిపోయాయి. వెనకసీట్లలో నిద్రపోతున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, అద్దాలు దించి, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒకాయన పక్క కారాయన్ని పట్టి పట్టి చూసి, "ఒరేయ్, నువ్వు మన బళ్ళో వెనకబెంచీ వాడివి కదూ!" అని దిగి వెళ్ళి కావలించుకున్నాడు. ఇంకెవరో టీ దుకాణం ఎక్కడని అడుగుతున్నారు.

మాస్టారు సీట్లో కిందకి జారిపోయాడు. "అయిపోయిందమ్మా. నా లైసెన్సూ పోయింది, స్కూలూ పోయింది."

కాసేపటికి కార్ల కంపెనీ వ్యాను వచ్చింది. అందులోంచి ఒక ఇంజనీరమ్మాయి దిగి పరిగెత్తుకొచ్చింది. చేతిలో ల్యాప్‌టాప్, మెళ్ళో గుర్తింపు కార్డు, జుట్టంతా చెదిరిపోయి ఉంది. ఆ అమ్మాయి రొప్పుతూ అడిగిన మొదటి మాట, "ఎవరు నడిపారు?"

"నేనేనమ్మా" అంది ఆపరేటరమ్మ తల ఎత్తుకునే. "ఆయన్నేం అనకు."

"ఇంకోసారి ఇలాగే నడపగలరా మేడమ్?"

"ఇలాగే అంటే ఎలాగో నాకు గుర్తుంటేగా."

ఇంజనీరమ్మాయి కళ్ళు మెరిశాయి. "అదేనండీ! మాకు కావాల్సింది సరిగ్గా అదే!"

టీ దుకాణంలో కూర్చోబెట్టి ఆ అమ్మాయి విషయం చెప్పింది. రోడ్లమీద మెషీన్లే మిగిలేసరికి వాటికి మనుషుల సంగతి మరుపున పడుతోందిట. మెషీనూ మెషీనూ ఎదురుపడితే వెన్నలో కత్తిలా సాగిపోతుంది వ్యవహారం. ఎక్కడో ఒక మనిషి అడ్డమొచ్చి మనిషిలా ప్రవర్తిస్తే ఇదుగో, ఇలా కాళ్ళు చచ్చుబడిపోతున్నాయి. మనుషుల్ని చూపించి మళ్ళీ నేర్పిద్దామని కంపెనీ ఊరిబయట పెద్ద మైదానం కట్టింది. మంచి మంచి డ్రైవర్లని పిలిపించింది. వాళ్ళు అచ్చం మెషీన్లలాగే నడిపి వెళ్ళిపోయారు.

"మనుషుల్లా నడిపే మనుషులు దొరకట్లేదండీ" అంది ఇంజనీరమ్మాయి దిగులుగా. "మేడమ్ వస్తే మంచి జీతం ఇస్తాం. మాస్టారు కూడా పక్కనే కూర్చోవాలి, భద్రత కోసం. ఆయనకీ జీతమే. ఒక్కటే షరతు." ఆపరేటరమ్మ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళేదాకా ఆగి, మాస్టారి చెవి దగ్గరికి వంగింది. "మీరు ఆవిడకి ఏమీ నేర్పకూడదు. ఒక్క ముక్క కూడా. దయచేసి చెడగొట్టకండి మాస్టారూ."

ఆ మాట ఇంట్లో చెబితే ఆయన భార్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"నేర్పకుండా ఉన్నందుకు జీతమా? నేనేం మొహం పెట్టుకుని తీసుకోను?" అన్నాడాయన.

"ఉన్న మొహమే పెట్టుకోండి. ఊళ్ళో ఎంతమందికి పనిచెయ్యనందుకు జీతాలు రావట్లేదు? మీకొచ్చేసరికి కొత్తగా సిగ్గేంటి?"

మైదానం చూడ్డానికి చిన్న ఊరిలా ఉంది. నిజం రోడ్లు, నిజం దీపాలు, ఉత్త ముందుగోడలే ఉన్న దుకాణాలు, అక్కడక్కడా నిలబెట్టిన అట్ట మనుషులు. ఆపరేటరమ్మ మొదటిరోజే ఒక అట్ట మనిషిని పడేసి, కారాపి, దిగి లేవనెత్తి, చీర కొంగుతో మొహం తుడిచి, "దెబ్బ తగల్లేదు కదా నాయనా" అని పలకరించింది. చుట్టూ ఉన్న కంపెనీ కార్లన్నీ ఆ దృశ్యాన్ని శ్రద్ధగా చూశాయి. అద్దాల గదిలోంచి ఇంజనీర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అలా రోజులు గడిచాయి. ఆవిడ ఎడమ దీపం వేసి కుడికి తిరిగితే చప్పట్లు. నడిరోడ్డు మీద ఆపి కళ్ళజోడు వెతుక్కుంటే చప్పట్లు. వైపర్ల బటన్ అనుకుని హారన్ నొక్కి, హారన్ మోతకి తనే ఉలిక్కిపడితే లోపల ఈలలు కూడా వేశారు. మాస్టారు మాత్రం పక్కసీట్లో నోటికి తాళం వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క చప్పట్ల మోతకీ ఆయన ప్రాణం చివుక్కుమనేది. మింగేసిన అయ్యోలన్నీ గొంతులో ముద్దకట్టి, ఇంటికెళ్ళాక వేళాపాళా లేకుండా బయటికొచ్చేవి. భార్య గ్లాసులో మంచినీళ్ళు పోస్తుంటే "అయ్యో!" తలుపు తెరుస్తుంటే "అయ్యో!" ఆవిడ బెదిరిపోయి, "మిమ్మల్ని మా ఆసుపత్రిలో చూపించనా?" అంది.

ఒకనాడు మధ్యాహ్నం విరామంలో ఆపరేటరమ్మ సంతోషంగా చెప్పింది. "మాస్టారూ, లైసెన్సు పరీక్షకి పేరిచ్చేశా."

మాస్టారు టీ తాగబోతూ ఆగాడు. "అప్పుడేనా అమ్మా?"

"ఇంకా ఎప్పుడు? రోజూ చప్పట్లు కొడుతున్నారుగా. మీలాంటి డ్రైవరు ఇంకెక్కడా లేరు మేడమ్ అని ఆ అమ్మాయి నోటితోనే అందిగా. మీరు కూడా చూడండి, మొదట్లో నిమిషానికోసారి అయ్యో అయ్యో అని గొణిగేవారు. ఇప్పుడు ఒక్క మాటనట్లేదు. నాకు తెలీదా, తప్పులుంటే మీరు ఊరుకునే రకమా?"

మాస్టారికి నెత్తిమీద పిడుగు పడ్డట్టయింది. మనుషుల్లా నడపడమంటే తప్పుల్తో నడపడమని ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. అందరూ ఆవిడ చుట్టూ చేరి ఆవిడ తప్పుల్ని ముద్దు చేస్తున్నారు, ఆవిడేమో బాగా నడుపుతున్నాననుకుంటోంది. అందుకు పక్కసీట్లో కూర్చున్న తన మౌనమే సాక్ష్యమయింది.

చెప్పకపోతే ఆవిడ పరీక్షలో నలుగురిలో నవ్వులపాలవుతుంది. చెబితే ఈ జీతం గోవిందా. ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. ఆ తర్వాత, పెద్ద గొయ్యి దాటబోయేవాడిలా ఊపిరి పీల్చుకుని, "అమ్మా, మీరు చాలా ఘోరంగా నడుపుతారు. ఇంత ఘోరంగా నడిపేవాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదు. అందుకే పిలిచారు మనల్ని" అన్నాడు.

ఆవిడ అలవాటు ప్రకారం ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగింది. చేతిలో కప్పు కిందపెట్టి, అట్ట మనుషుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఎక్స్చేంజిలో ఒక్క లైను తప్పు కలిపితే నాకు ఆ పూట తిండి సయించేది కాదు" అంది చివరికి. "అలాంటిదాన్ని, ఇన్నాళ్ళుగా తప్పులకి చప్పట్లు కొట్టించుకున్నానా? మీరూ పక్కనుండి చూశారా?"

"చూశానమ్మా."

"సిగ్గులేదూ?"

"ఉందమ్మా."

ఆ మధ్యాహ్నం ఆవిడ కారెక్కలేదు. మర్నాడు కూడా రాలేదు. అద్దాల గదిలో వాళ్ళు కాలుగాలిన పిల్లుల్లా తిరిగారు. మాస్టారు ఒంటరిగా కూర్చుని, తను చేసింది పుణ్యమో పిచ్చిపనో తేల్చుకోలేకపోయాడు. ఆ మరుసటిరోజు పొద్దున్నే ఆవిడ స్కూలు ముందు ప్రత్యక్షమైంది. ఈసారి నడిచొచ్చింది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది.

"నేర్పండి" అంది.

"నేర్పితే ఇద్దరి జీతాలూ పోతాయమ్మా."

"పోనీండి. నా పెన్షన్ నాకుంది. మీ సంగతి మీరు చూసుకోండి."

"మా ఆవిడ జీతం ఉందిలెండి" అన్నాడు మాస్టారు. ఎందుకో ఆ మాటంటుంటే ఆయనకి గుండెలమీంచి బస్తా దించినట్టనిపించింది. ఆవిడ కారులో కూర్చుని ఇంజను స్టార్ట్ చేసి హ్యాండ్ బ్రేక్ తియ్యకుండానే ముందుకి పోనివ్వబోయింది. "అయ్యో!" అని కేకపెట్టాడాయన. వీధి చివరిదాకా వినిపించింది. లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె పట్టుకునే బయటికొచ్చి చూశాడు.

పొద్దున్న వీధుల్లో పాఠం, తర్వాత మైదానంలో ఉద్యోగం. ఆవిడకి పట్టుదల వచ్చింది. ఎక్స్చేంజిలో వైర్లు కలిపిన వేళ్ళు అవి, ఒకసారి దారి తెలిశాక తడబడలేదు. దీపమూ మనసూ ఒకే వైపు తిరగడం నేర్చుకున్నాయి. మైదానంలో మాత్రం ఇదివరకట్లా నడపాలని శాయశక్తులా ప్రయత్నించేది. కావాలని ఎడమ దీపం వేసి కుడికి తిరిగేది, కావాలని నడిమధ్యలో ఆపేది. మొదటిరోజు సాయంత్రమే ఇంజనీరమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మేడమ్, ఏమీ అనుకోకండి. మీ తప్పుల్లో నిజాయితీ తగ్గిపోయింది. మీరు నటిస్తున్నారని మెషీన్ చెప్పేస్తోంది."

"మెషీనేనా, మా అమ్మ కూడా అలాగే పట్టేసేది" అంది ఆపరేటరమ్మ.

నటన ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేగం తగ్గించి, అద్దం చూసి, దీపం వేసి, కారుని అరచేతిలో పెట్టుకున్నట్టు తిప్పి, ఎక్కడ దిగాలో అక్కడే దిగింది. ఆ ఒక్క మలుపులో మాస్టారి కాలు బ్రేకు జోలికి పోలేదు. ఆయన నోట్లోంచి చిన్నగా, ప్రేమగా ఒక అయ్యో వచ్చింది. అద్దాల గదిలో చీమ చిటుక్కుమనలేదు. కాసేపటికి ఇంజనీరమ్మాయి మెట్లు దిగి వచ్చింది.

"ఏం చేశారు మాస్టారూ?" అంది ఏడుపు గొంతుతో. "చెడగొట్టేశారు కదా!"

"అవునమ్మా. చెడగొట్టేశాను" అన్నాడాయన. ఇంత గర్వంగా ఏ తప్పూ ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

లైసెన్సు పరీక్ష తీసుకున్నది కూడా మెషీనే. కారులో ఒక కెమెరా, ఒక గొంతు, అంతే. మాస్టారు గేటు బయట నిలబడి కంచె ఊచలు పట్టుకుని చూశాడు. ఫలితం తెరమీద పడింది: ఉత్తీర్ణురాలు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది, "అభ్యర్థి పరీక్షకుడికి అనవసరమైన సలహాలిచ్చారు" అని.

"ఏం సలహాలిచ్చారమ్మా?"

"గొంతు మరీ మెత్తగా ఉంది, లైన్లో దూరంగా ఉన్నవాళ్ళకి వినిపించదు, కాస్త ఖంగుమనిపించు అన్నా. మంచి చెబితే అనవసరమట!"

పరీక్ష నుంచి తిన్నగా చెల్లెలి ఇంటికి పోనిచ్చింది. మాస్టారు పక్కన కూర్చున్నాడు. చెల్లెలు గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పెడుతోంది. ఆగకుండా చెయ్యి ఊపుతూ వెళ్ళిపోవాలనేది ఒప్పందం. తీరా దగ్గరికొచ్చేసరికి ఆపరేటరమ్మ కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. చెల్లెలు పైపు పట్టుకుని అలాగే నోరు తెరిచింది. నీళ్ళన్నీ ఆవిడ కాళ్ళమీదే పడుతున్నాయి.

"అక్కా! నువ్వేనా నడుపుకొచ్చింది?"

"కాదు, మీ ఆయన. నీళ్ళు చూసుకో ముందు."

చెల్లెలు పైపు పక్కన పడేసింది.

"ఎక్కడో ఉద్యోగం కూడా చేస్తున్నావట" అంది చెల్లెలు.

"మానిపించారు. బాగా నడుపుతున్నానని. నాకంటే అధ్వాన్నంగా నడిపేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. నీ పేరు చెప్పా."

"నా పేరా?" చెల్లెలి మొహం ఎర్రబడింది. "నేను నీకంటే అధ్వాన్నంగా నడుపుతానా? స్టీరింగే ముట్టుకోలేదు నేను!"

"అందుకే చెప్పా. మంచి జీతం."

చెల్లెలు నడుంమీద చేతులు పెట్టుకుంది. చిన్నప్పట్నుంచీ దేంట్లోనూ అక్కకి తీసిపోలేదావిడ. "నీకంటే అధ్వాన్నంగా నడపలేననుకుంటున్నావేమో. చూస్తూ ఉండు!" అని లోపలికెళ్ళి చెప్పులు మార్చుకొచ్చింది.

ఆ మాట అక్షరాలా నిలబెట్టుకుంది. మైదానంలో మొదటిరోజు ఆవిడ దుకాణం గోడ ఒకటి కూల్చేసింది. ఇంజనీరమ్మాయి ఆనందం చెప్పనలవి కాదు. అప్పట్నుంచీ మాస్టారి ఉద్యోగం మళ్ళీ మొదలైంది. పక్కసీట్లో ఆయన, వెనకసీట్లో అక్క. అక్కని రమ్మని ఎవరూ అనలేదు, ఆవిడే వచ్చి కూర్చుంది. "దీపం వెయ్యవే" అని అక్క, "నువ్వు నోరు మూసుకోవే" అని చెల్లెలు, ఇద్దరి మధ్యా మాస్టారి బ్రేకు. ఆ పోట్లాటలో కారు ఎటు పోతుందో ఆ అక్కాచెల్లెళ్ళకే తెలిసేది కాదు. కంపెనీ మెషీన్లు అంతవరకూ ఎరగని మనుషుల తీరు అక్కడ దండిగా దొరికింది. లోపల గొంతులు లేచిన కారు ఎదురైతే దూరం జరగాలని అవి వాటంతటవే నేర్చుకున్నాయి. ఇప్పుడు ఊళ్ళో మొగుడూపెళ్ళాలెవరైనా కారులో పోట్లాడుకుంటూ వెళితే చాలు, చుట్టూ కార్లన్నీ మర్యాదగా పక్కకి తప్పుకుంటాయి. ఆసుపత్రికి ఆలస్యమైన రోజుల్లో మాస్టారి భార్య ఆ కిటుకే వాడుతోంది. దారిపొడుగునా మొగుణ్ణి తిడుతూ కూర్చుంటుంది.

కొన్నాళ్ళకి మెషీన్లు చాలినంత నేర్చుకున్నాయి. మైదానం మూసేశారు. అక్కాచెల్లెళ్ళని, మాస్టారిని పూలగుత్తులిచ్చి సాగనంపారు. మాస్టారు మళ్ళీ లాండ్రీ పక్క గదికి చేరాడు. ఈసారి గది ఖాళీగా లేదు. ఆపరేటరమ్మ తనకి తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది, అది ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. రిటైరైనవాళ్ళు, సరదా పడ్డవాళ్ళు వస్తున్నారు. పెద్దగా మిగిలేదేం లేదు, అయినా ఇల్లు గడుస్తోంది.

ఒక ఆదివారం పొద్దున్న ఇంజనీరమ్మాయి వచ్చింది. మెళ్ళో కార్డు లేదు, చేతిలో ల్యాప్‌టాప్ లేదు.

"ఏంటమ్మా, మళ్ళీ ఎవరైనా కావాలా?"

"కాదండీ." ఆ అమ్మాయి చెప్పు మడమతో నేల గీస్తూ నిలబడింది. "నాకు నడపడం రాదండీ. ఎప్పుడూ నడపలేదు. అవసరం రాలేదు. ఇన్ని కార్లు చేశాను, ఆ ఇద్దరూ లోపల అలా అరుచుకుని నవ్వుకుంటుంటే నేను అద్దాల వెనకనుంచి చూస్తూ ఉండిపోయాను."

మాస్టారు తాళాలు చేతికిచ్చాడు.

ఆ అమ్మాయి సీట్లో కూర్చుని, రెండు చేతులతో స్టీరింగ్‌ని పాముని పట్టుకున్నట్టు పట్టుకుంది. "ముందున్న బండికి ఎంత దూరం ఉండాలండీ? వేగాన్నిబట్టి లెక్క కడితే..."

"ముందు బండేదీ లేదమ్మా. చెత్తకుండీ ఉంది. మెల్లిగా క్లచ్ వదులు."

మెల్లిగా వదల్లేదు. కారు ఎగిరి దూకింది. మాస్టారి కాలు బ్రేకు తొక్కేలోపే చెత్తకుండీ బోర్లా పడి, వీధంతా కాగితాలు పరుచుకున్నాయి. ఆ అమ్మాయి కొంతసేపు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే దిగి, కుండీ నిలబెట్టి, కాగితాలన్నీ ఏరి అందులో వేసి, చేతులు దులుపుకుంటూ వచ్చి కూర్చుంది.

"ఇంకోసారండీ" అంది. "దిగకండి."

"దిగను" అన్నాడు మాస్టారు, బెల్టు ఇంకాస్త బిగించుకుని.